పట్టు ఎక్కడుందో చూసుకో అల్లుడూ

సిరిమానోత్సవం నాడు విజయనగరంలో నువ్వు నన్నొక మాట అడిగావు. "మావయ్యా, ఊరంతా పైకి చూస్తూంటే నువ్వేటి కిందకి చూస్తన్నావ్?" అని. ఆ డప్పుల మోతలో, ఆ తోపులాటలో జవాబు చెప్పడం కుదర్లేదు. చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. జనం దండాలు పెట్టి అరటిపళ్లు విసురుతారు. నేనూ పైడితల్లికి దండం పెడతాను. పెట్టాక నా కళ్లు ఆ మానుని బండికి బిగించిన చోటికే పోతాయి. నలభై ఏళ్లు సాలూరులో లారీల కింద పడుకుని బతికినవాణ్ణి. ఎంత ఎత్తున ఎవరు కూర్చున్నా, ఆ బరువు కింద ఎక్కడ ఆగుతోందో చూడకుండా ఉండలేను.

ఆ సాయంత్రమే కోట దగ్గర నీ కొత్త జీపు చూపించావు. ముందు రెండు, వెనక ఒకటి, ఎర్రరంగు షాకిళ్లు వేలాడుతున్నాయి. "గెడ్డలో దిగబడినా ఇసకలో కూరుకున్నా ఇక భయం లేదు మావయ్యా, లాగేయడమే" అన్నావు. నీ ముఖంలో వెలుగు చూసి నాకూ సంతోషమేసింది. నువ్వు టీ తేవడానికి వెళ్లినప్పుడు కండువా పరుచుకుని బండి కిందకి దూరాను. చూసింది చూసినట్టు నీ స్నేహితుల ఎదుట చెప్పలేక ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను, మనసు కష్టపెట్టుకోకు. ఆ షాకిళ్లు మూడూ ఇవాళే విప్పి ఇంట్లో పెట్టు. సరుకు మంచిదే. తగిలించిన చోటే మంచిది కాదు.

ముందు రెండూ బంపరు వెనకున్న రేకు పట్టీకి బిగించారు. ఆ పట్టీ బంపరు బరువు మోయడానికి పెట్టింది. వెనకది మరీ ఘోరం. బండిని లారీ మీదో ఓడ మీదో ఎక్కించినప్పుడు కదలకుండా తాడు కట్టడానికి ఒక కన్నం ఇస్తారు, దానికి తగిలించారు. నిలబడి ఉన్న బండిని కదలకుండా పట్టడం వరకే ఆ కన్నం పని. ఇరుసు దాకా పాతుకుపోయిన బండిని దానితో లాగితే గుడ్డ చిరిగినట్టు చిరుగుతుంది.

ఇందులో నీ తప్పు, నీకు బిగించినవాడి తప్పు కొంతే. మనవాళ్ల చేతులకి పాత జీపుల అలవాటు పోలేదు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ కాలపు జీపుకి బంపరు అంటే ఇనప దూలమే. ఛాసీ కొసలకి నేరుగా బోల్టులతో పట్టి ఉండేది. దానికి మోకు వేసి లాగితే లాగుడంతా ఛాసీకే పోయేది. ఇప్పటి బండికి పైన కనిపించేది ప్లాస్టిక్కు. దాని వెనక ఉన్నది, గుద్దుకున్నప్పుడు తాను నలిగి లోపలి మనుషుల్ని కాపాడాలని కావాలనే అలా చేసిన ఇనుము. నలగడానికి పుట్టినదాన్ని లాగడానికి ఎలా వాడతావు?

మన షెడ్లలో షాకిల్ అంటే కమాను కట్టని ఛాసీకి వేలాడదీసే ముక్క. నీ దగ్గరున్నది వేరు. రేవుల్లో, క్రేన్ల దగ్గర వాడే సామాను. సన్నగా ఉంటే డీ షాకిల్, కడుపు వెడల్పుగా ఉంటే బో షాకిల్ అంటారు. మీ తాత చూసి ఉంటే దాని పిన్నుని శీల అనేవారు. ఎడ్లబండి ఇరుసు కొసన చక్రం జారిపోకుండా దిగ్గొట్టే శీల ఉంటుంది చూడు, అది. సంతకి బయల్దేరే ముందు చీకట్లోనే లేచి రెండు శీలలూ చేత్తో తడిమి చూసుకున్నాకే ఎడ్లని కట్టేవారు. దీపం కూడా అడిగేవారు కాదు, వేళ్లకే తెలిసేది.

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి ఉంది. నేను వెల్డింగు కొత్తగా నేర్చుకున్న రోజులు. ఒక జీపుకి ముందు కొక్కెం పెట్టమంటే పెట్టాను. రంగు గీకలేదు, తుప్పు తియ్యలేదు, పైపైన కరిగించి అతికించాను. చూడ్డానికి నిండుగా, నున్నగా వచ్చింది. వానాకాలంలో ఆ జీపు కురుపాం దాటాక ఒక గెడ్డలో దిగబడింది. లారీ తీసుకుని వెళ్లాం. ఇనప తాడు కట్టి లాగించాం. రెండో లాగుడికి తుపాకి పేలినట్టు శబ్దం వచ్చింది. కొక్కెం ఊడి, తాడుతో కలిసి ఎగిరి, గట్టు మీద ఉన్న నా జతగాడి మోకాలికి తగిలింది. అతను తాడు ముట్టుకోలేదు, బండెక్కలేదు. చూడ్డానికి నిలబడ్డాడు అంతే. దుప్పటితో డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చాం. ప్రాణం దక్కింది గానీ ఆ కాలు మళ్లీ మడత పడలేదు. ఇప్పటికీ సాలూరు బజారులో కనిపిస్తే "ఏరా, బాగున్నావా" అని ఆపుతాడు. తప్పు ఎవరిదో అతనికి తెలుసు. ఒక్కనాడూ ఎత్తలేదు. ఆ మంచితనం నాకు ఇంకా బరువు.

అందుకే చెప్తున్నాను, లాగుడు అంటే ఏమిటో ముందు లెక్క కట్టు. నలుగురు మనుషులు, సామాను కలిపి నీ బండి రెండు టన్నులు అనుకో. చక్రాలు బురదలో మునిగితే దాన్ని కదల్చడానికి దాదాపు బండి బరువంత లాగుడు కావాలని పాతకాలపు లెక్క. మడ్‌గార్డుల దాకా మునిగితే రెండింతలు. ఆ పైకి వస్తే మూడింతలు. అంటే రెండు టన్నుల బండికి ఆరు టన్నుల లాగుడు. ఇదంతా నిదానంగా లాగితే. కుదుపు తోడైతే లెక్క తప్పుతుంది. లాగే బండి వేగం రెట్టింపైతే ఆ తాడు మీద పడే శక్తి నాలుగింతలు. అందుకని తాడు బయటికి తీసేముందు పార తియ్యి. చక్రాల ముందు, ఇరుసు కింద తవ్వు. తట్టెడు మట్టి తీస్తే తట్టెడు లెక్క తగ్గుతుంది. ఇసకైతే టైర్లలో గాలి 15, 18 పౌండ్లకి దించు. సగం సార్లు తాడుతో పనే పడదు. రోడ్డెక్కాక గాలి మళ్లీ నింపుకోవడం మాత్రం మరవకు.

ఇక బిగింపు. మొదట బండితో ఇచ్చిన పుస్తకం చదువు. లాగడానికి ఇచ్చిన చోట్లు బొమ్మతో సహా అందులో ఉంటాయి. కొన్ని బండ్లకి మరతో తిప్పి బిగించుకునే కన్నం ఒకటి ఇస్తారు. చెడిపోయిన బండిని చదును రోడ్డు మీద షెడ్డుకి తెచ్చుకోవడానికి అది చాలు. బురదకి చాలదు. నువ్వు కొనవలసింది నీ బండి నమూనాకే కొలిచి చేసిన రికవరీ పాయింటు. ఎంత బరువుకి తయారుచేశారో దాని మీద అచ్చు ఉండాలి. అది ఛాసీలో కంపెనీ వేసిన రంధ్రాలకే కూర్చోవాలి. కొత్తగా తొలవాలి అని ఎవరైనా అన్నారంటే ఆ ముక్క నీ బండిది కాదని అర్థం. లారీ పనిలో మాకు మొదట నేర్పిన పాఠమే అది. ఛాసీ పై అంచునీ కింది అంచునీ తొలవకూడదు, ఎక్కువ బరువు పడేది ఆ రెండు అంచుల మీదే. ఛాసీకి వెల్డింగూ వద్దు. వేడి తగిలిన చోటు పక్కన ఇనుము గుణం మారిపోతుంది, పగులు అక్కడే పుడుతుంది.

పెట్టెలా నాలుగు వైపులా మూసిన ఛాసీకి అడ్డంగా బోల్టు దూర్చి బిగిస్తే రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోతాయి. పానా ఆగింది కదా బిగిసింది అనుకుంటావు. పది రోజులు గతుకుల్లో తిరిగేసరికి వదులు. అలాంటి చోట రెండు గోడల మధ్యా గొట్టం ముక్క ఉండాలి, బోల్టు దాని లోపలి నుంచి పోవాలి. మంచి తయారీదారు ఆ గొట్టాన్ని పాయింటుతోనే ఇస్తాడు. అనవసరమైన ఇనప ముక్క అని దాన్ని పక్కన పడేసిన మెకానిక్కుల్ని నేనెరుగుదును. నువ్వు దగ్గరే ఉండి చూసుకో.

బోల్టు తల మీద అంకె చూడు. 8.8 అని ఉండాలి, లేదా 10.9. చుక్కకి ముందున్న అంకె బోల్టు తెగే బలం, తర్వాతది ఆ బలంలో ఎన్ని పదోవంతుల దాకా సాగకుండా నిలుస్తుందనేది. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టుని నిలువుగా లాగితే దాదాపు 6.8 టన్నుల దగ్గర తెగుతుంది. అదే అడ్డంగా కోత పడితే అందులో సుమారు 60 శాతమే. మన పని అడ్డకోతే కాబట్టి ఒక్క బోల్టు మీద నమ్మకం పెట్టుకోకూడదు, పాయింటుకి రెండైనా ఉండాలి. కోత పడే చోట మర కాకుండా నున్నటి ఒళ్లు వచ్చేలా పొడుగు ఎంచుకోవాలి. మరలోనే బోల్టు సన్నం. నీ బండి ముందువైపు ఉన్న బోల్టుల తలలు తుడిచి చూశాను, ఏ అంకే లేదు. అలాంటివి కళ్లం గేటుకి సరిపోతాయి. వాటిని విప్పాక మళ్లీ వాడకు.

బిగించేటప్పుడు టార్కు పానాతో పుస్తకంలో రాసినంతే బిగించు. బలముంది కదా అని గొట్టం తొడిగి తిప్పేవాళ్లు బోల్టుని అక్కడే సగం చంపేస్తారు. బిగించాక నట్టు మీంచి ఛాసీ మీదకి తెల్లరంగుతో ఒక గీత గియ్యి. గీత విరిగిందంటే నట్టు కదిలినట్టు. మొదటి లాగుడు అయ్యాక ఒకసారి, తర్వాత కమాన్లకి గ్రీజు పెట్టించినప్పుడల్లా ఒకసారి ఆ గీతలు చూసుకో.

ముందు రెండు పాయింట్లు పెట్టుకున్నాక ఒక్కదానితోనే లాగకు. రెండింటికీ కలిపి వెడల్పాటి పట్టీ వేసి దాని నడుమ నుంచి లాగితే బరువు పంచుకుంటాయి. ఆ పట్టీ పొడుగ్గా ఉండాలి. రెండు కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కో పాయింటు మీద లాగుడులో 58 శాతం పడుతుంది. పొట్టి పట్టీ వేసి కోణం 120కి తెచ్చావనుకో, ఒక్కోదాని మీదా మొత్తం లాగుడంత పడుతుంది. పంచుకున్న లాభం ఏమీ మిగలదు. వెనకవైపు ట్రైలరు తగిలించే గుండు ఉంటే దానికి తాడు వేయనివ్వకు, ఎంత పెద్దమనిషి చెప్పినా సరే. ఆ గుండు మెడ విరిగి ఎగిరితే ఫిరంగి గుండే. దేశదేశాల్లో మనుషులు పోయారు దానివల్ల.

షాకిల్ విషయానికొస్తే, నీవి ముప్పావు అంగుళానివి. ఒంటి మీద 4.75 టన్నులని అచ్చు ఉంది, అది భద్రంగా మోయగల బరువు. లాగుడు రెండింటికీ పంచితే నీ బండికి చాలు. అచ్చు లేనిది ఎంత మెరిసినా కొనకు. ఓడల పాత సామాన్లో చౌకగా దొరుకుతాయి కదా అంటావేమో. అరుగుదల పదో వంతు దాటితే దాని పని అయిపోయినట్టే. పక్కకి లాగకూడదు, నిలువుగా లాగాలి. 45 డిగ్రీలు వాలితే మోసే శక్తి 70 శాతానికి, పూర్తిగా అడ్డం తిరిగితే సగానికి పడిపోతుంది. శీల పాయింటులో ఉండాలి, తాడు కడుపులో ఉండాలి. శీలని చివరిదాకా తిప్పి పావు చుట్టు వెనక్కి వదులు. లేకపోతే లాగాక బిగుసుకుపోయి బురద చేతులతో రాదు. రెండు తాళ్లని కలపడానికి మాత్రం షాకిల్ వాడకు. కిలో దాటిన ఇనప ముద్ద అది, తాడు తెగితే నడుమ నుంచి బయల్దేరుతుంది. ఇప్పుడు తాడుతోనే అల్లిన మెత్తటి షాకిళ్లు వచ్చాయి, అరచేతిలో ఇమిడిపోతాయి, ఎగిరినా దెబ్బ తక్కువ. పదునైన అంచు తగిలితే కోసుకుపోతాయి కాబట్టి పాయింటు కన్నం అంచులు గుండ్రంగా రుద్ది ఉన్నదే కొనుక్కో.

తాడులో సాగేది వేరు, సాగనిది వేరు. నైలాను తాడు ఐదో వంతు దాకా సాగి, ఆ శక్తిని మెత్తగా బండికి ఇస్తుంది. మన తీరంలో పాతకాలపు మసులా పడవలకి మేకులుండేవి కావు, పలకల్ని కొబ్బరినారతో కుట్టేవారు. కళింగపట్నం లాంటి రేవుల్లో ఓడ దూరంగా లంగరేస్తే అలల్ని దాటి సరుకు ఒడ్డుకి చేర్చేవి అవే. అల కొడితే మేకుల పడవ విరిగేది, కుట్టిన పడవ ఒంగి తట్టుకునేది. ఆ బెస్తల బుర్ర నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే. గొలుసుకీ ఇనప తాడుకీ ఆ సాగుడు లేదు. వాటితో లాగితే బిగువు వచ్చాక చీమ నడకలా లాగాలి, కుదుపు వేయకూడదు.

తాడు నడుమ బరువు వెయ్యి. దానికి ప్రత్యేకంగా అమ్ముతారు, కొనుక్కుంటే మంచిదే. లేనప్పుడు తడిపిన గోనెసంచులు రెండు మడత పెట్టి వేసినా తెగిన తాడుని కిందకి దించుతాయి. నెల్లిమర్లలో జనపనార మిల్లు నడిచిన ప్రాంతం మనది, గోనెసంచికి కరువేముంది.

ఇంతసేపూ ఇనుము గురించి చెప్పాను. నా అసలు భయం మనుషుల గురించి. వేరే దేశాల వాళ్లు ఇలాంటి బండ్లు వేసుకుని ఎడారుల్లోకి పోతారట, చుట్టూ పిట్ట ఉండదు. మన దగ్గర అలా కాదు. సీతంపేట దారిలో దిగబడు, పాచిపెంట కొండల్లో దిగబడు, పది నిమిషాల్లో ఇరవై మంది వస్తారు. సంత నుంచి వచ్చేవాళ్లు బుట్టలు దించి చెయ్యేస్తారు. మేకలు కాసే గుంటలు గట్టెక్కి కూర్చుంటారు. ఒక ముసలాయన సలహాలు చెప్తూ తాడు పక్కనే నిలబడతాడు. మంచి జనం. పిలవకుండా వస్తారు, డబ్బిస్తే నొచ్చుకుంటారు. నీ బోల్టు తెగితే దెబ్బ తగిలేది వాళ్లకి. నువ్వు స్టీరింగు దగ్గర అద్దం వెనక ఉంటావు. అందుకే, లాగేముందు బండి దిగి, చేతులు జోడించి, అందరినీ తాడు పొడుగుకి ఒకటిన్నర రెట్లు దూరం పంపు. పిల్లల్ని మరీ దూరం పంపు. నవ్వినా పరవాలేదు, కదిలేదాకా ఇంజిను స్టార్టు చెయ్యకు. తాడు బిగిశాక దాన్ని ఎవరూ దాటకూడదు. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి, చేతిలో కండువాతో.

ట్రాక్టరు వస్తుంది. మన ఊళ్లలో ఆపద్బాంధవి అదే కదా. ట్రాక్టరుతో లాగించేటప్పుడు తాడు కింద ఉండే లాగుడు పట్టీకే కట్టించు. ఇరుసు కన్నా ఎత్తున, పైలింకు దగ్గర కడితే వెనక చక్రాలు పట్టు పట్టుకున్నాయో లేదో ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదకే వెల్లకిలా తిరగబడుతుంది. తేరుకునే వ్యవధి ఉండదు. సాయానికొచ్చినవాణ్ణి చంపుకోకూడదు నాయనా.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని పడగొట్టిన వారం మా లారీలో నీళ్లు వేసుకుని పలాస వైపు వెళ్లాం. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు రోడ్డుకి అడ్డంగా అగ్గిపుల్లల్లా పడి ఉన్నాయి. ఒక్కోదాన్నీ మొదట్లో పట్టీ చుట్టి, షాకిల్ వేసి, ఛాసీ కొక్కెం నుంచి నిదానంగా పక్కకి ఈడ్చాం. నీళ్ల బిందెలు పట్టుకుని ఆడవాళ్లు చెట్ల అవతల నిలబడి చూస్తున్నారు. ఆ రోజు మా బిగింపు వదిలి ఉంటే నీళ్లు మోసుకెళ్లిన బండే ఒక ఇంటి ఏడుపుకి కారణమయ్యేది. ఏజెన్సీలో ఇప్పటికీ గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లున్నాయి. వానలో ఆ దారిలో ఎదురుపడ్డ జీపు నీదే కావచ్చు. ఆ పూట అది దిగబడకూడదు, దిగబడితే బయటపడాలి. ఈ సామాను నీకు వద్దని అనకపోవడానికి కారణం అదే.

ఇంకో రెండు మాటలు. బుల్‌బారు పెట్టించి దానికి షాకిళ్లు తగిలిద్దామన్నావు. వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని చెప్పింది. పాదచారిని కొట్టినప్పుడు అది చేసే గాయం వేరు, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే సమయమూ తప్పవచ్చు. రెండోది, బారువ, కళింగపట్నం ఇసకలో బండి ఆడించాలని నీకు ఉబలాటం. చలికాలం చివరి నుంచి వేసవి దాకా ఆ ఒడ్డున సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. పైకి ఏమీ కనిపించదు, నీ చక్రం కింద గూడు ఉందో లేదో నీకు తెలీదు. ఆ ఒడ్డు వాటికి వదిలేద్దాం.

వచ్చే శనివారం రాత్రికే సాలూరు వచ్చేయి. ఆదివారం ఎండెక్కకముందే కింద దూరుదాం. పాయింట్లు, బోల్టులు నువ్వు తెచ్చుకో, బిల్లు పారేయకు, అంకెలు నేను చూడాలి. టార్కు పానా, తెల్లరంగు డబ్బా, గోనెసంచులు నా దగ్గరున్నాయి. బిగించడం నువ్వే చేస్తావు, నేను పక్కన పడుకుని దీపం పడతాను. నా జతగాణ్ణి కూడా రమ్మన్నాను. కాలు చాపుకుని కూర్చోవడానికి అతనికి అరుగు మీద కుర్చీ వేస్తాం. మీ అత్త అప్పుడే అరిసెలకి బియ్యం నానబెడతానంటోంది, ఒక్కడివే రాకుండా మీ అమ్మని కూడా ఎక్కించుకురా.